నిమ్మకాయల మీద నడిచే ఇంజన్

మలికిపురం సెంటర్లో టీ కొట్టు దగ్గర ఎవరినైనా అడిగి చూడండి, బండి పదికాలాలు మన్నాలంటే ఏం చెయ్యాలని. "ఏమీ చెయ్యకుండా ఉంటే చాలండీ" అంటారు. వెటకారానికి కాదు, మనసా వాచా నమ్మి అంటారు. మోటారు వాహన శాస్త్రానికి మా కోనసీమ అందించిన మూలసూత్రం ఒక్కటే: నడిచే బండిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మొదలవుతుంది. ఏది మొదలవుతుందో ఎవరూ విడమరిచి చెప్పరు. "మా బావమరిది బండి బ్రహ్మాండంగా తిరిగేదండీ, ఎవడో ఆయిల్ మార్చమన్నాడు, మార్చిన మూడు నెలలకి ఇంజన్ దించాం" అనే సాక్షి మాత్రం వీధికొకడు సిద్ధంగా ఉంటాడు. ఆ పాత ఆయిల్ అంతకుముందు నాలుగేళ్ళపాటు అందులోనే కాగి కాగి తారు అయిందన్న సంగతి సాక్ష్యంలోకి రాదు.

ఈ సూత్రం ఇన్నాళ్ళు బతికిందంటే పాత ఇంజన్ల ఓర్పు వల్ల బతికింది. చెరువు గట్టు మీద నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్‌ని చూడండి. ఒక సిలిండరు, ఒక బరువైన చక్రం, బోలెడంత సహనం. రాత్రంతా డబడబ కొట్టుకుని తెల్లారేసరికి ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. అంబాసిడర్ కారూ ఆ బాపతే. మన నిర్లక్ష్యాన్ని అవి తమ ఖర్చు మీద భరించాయి. మనం దాన్ని మన తెలివితేటల కింద రాసుకున్నాం. ఆ తెలివితేటలతో నిండిన చేతుల్లోకి ఇప్పుడు సూపర్‌చార్జర్ ఉన్న స్పోర్ట్స్ కారు వచ్చి పడింది.

సంక్రాంతి నాలుగు రోజులుందనగానే చించినాడ వంతెన మీద హైదరాబాదు, బెంగళూరు బళ్ళ వరస మొదలవుతుంది. ఆ వరసలో ఒక బండి గురించే ఈ గోలంతా. కంపెనీ పేరు చెప్పను. చెబితే యజమాని నన్ను తిడతాడు, కంపెనీవాళ్ళు యజమానిని తిడతారు. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకి జానెడు ఎత్తు, మూడొందల గుర్రాలకు పైబడిన శక్తి. ఇంత శక్తీ మలికిపురం నుంచి రాజోలు దాకా కొబ్బరికాయల లోడుతో పోయే ట్రాక్టరు వెనకాల గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో ఖర్చవుతుంది. స్పీడ్ బ్రేకరు వస్తే బండి ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కాలి. దిగి చూసేవాడు ఒక్కడు, చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్ళు నలభై మంది. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటించాలన్న సరదా పుట్టిందంటే ఇక చెప్పక్కర్లేదు, బంపరు రేవులోనే మిగులుతుంది.

అసలు సూపర్‌చార్జర్ అంటే ఏమిటో మా సెంటర్లో వివరించబోయిన కుర్ర మెకానిక్కుని "టర్బో అయినా అదైనా గాలే కదరా" అని కూర్చోబెట్టేశారు. గాలే, నిజమే. గోదావరిలో ఉన్నదీ రేడియేటర్లో ఉన్నదీ నీళ్ళే అన్నంత నిజం. టర్బోని పొగగొట్టంలోంచి పోయే వేడి పొగ తిప్పుతుంది. సూపర్‌చార్జర్‌ని బెల్టు ద్వారా ఇంజనే స్వయంగా తిప్పుతుంది. అంటే ఇంజన్ తన కండలో కొంత ముందే దానికి దానం చేసి, అది ఊదిన గాలితో అంతకన్నా ఎక్కువ తిరిగి తీసుకుంటుంది. 1860లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడుపుకునే రూట్స్ సోదరులు పేటెంటు తీసుకున్న గాలి యంత్రమే దీని ముత్తాత. అది మొదట లోహం కరిగించే కొలుములకీ, గనుల్లోకి గాలి పంపడానికీ పనిచేసింది. 1921లో మెర్సిడెస్ వాళ్ళు సూపర్‌చార్జర్ కార్లను బెర్లిన్ ప్రదర్శనలో పెట్టి అమ్మకానికి తెచ్చారు. ఆ దశాబ్దం చివర ఇంగ్లాండులో బెంట్లీ కార్లకి దీన్ని తగిలించాలంటే కంపెనీ పెట్టిన బెంట్లీయే వద్దన్నాడు, ఇంజన్ పాడవుతుందని. ఆయన మాట కాదని తగిలించారు. ఆ బళ్ళు చూడ్డానికి భలే ఉండేవి, ఇరవై నాలుగు గంటల లెమాన్ పందెం మాత్రం ఒక్కటీ గెలవలేదు. కార్లు చేసే బెంట్లీయే అనుమానించిన యంత్రాన్ని మనం ఏ అనుమానమూ లేకుండా నిమ్మకాయలకి అప్పజెప్పాం.

సూపర్‌చార్జర్ డబ్బాలో జరిగేదేమిటంటే, రెండు మెలి తిరిగిన రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా, వెంట్రుక పట్టేంత సందు ఉంచుకుని నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతాయి. గాలిని అదిమితే వేడెక్కుతుంది. ఆ వేడి గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ అని ఒకటి, చాలా బళ్ళలో దానికి ప్రత్యేకంగా కూలెంటు, ప్రత్యేకంగా చిన్న కరెంటు పంపు ఉంటాయి. ఆ పంపు చచ్చిపోతే కేక వెయ్యదు, పొగ పెట్టదు. లోపలి కంప్యూటరు గాలి వేడెక్కిందని గమనించి, ఇంజన్ పగలకుండా స్పార్కు వెనక్కి జరిపి శక్తి తగ్గించుకుంటుంది. బయట మనవాడు "ఈమధ్య పికప్ తగ్గిందేంటి" అనుకుని ఇంకాస్త తొక్కుతాడు. బండి ప్రాణం కాపాడుకుంటోంది, మనవాడు కాలు బలం చూపిస్తున్నాడు.

ఇక కొనుగోలు ఘట్టం. దీన్ని తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగునాట బాగా తిరిగిన బండి అంటూ ఒకటి అమ్మకానికి దొరకదు. అమ్మేవన్నీ నలభై అయిదు వేలు తిరిగినవే. అన్నీ డాక్టరుగారు నడిపినవే. ఈ రాష్ట్రంలో డాక్టర్లు ఇన్ని కార్లు ఎప్పుడు నడిపారో, మధ్యలో రోగుల్ని ఎప్పుడు చూశారో తెలీదు. "సింగిల్ హ్యాండు, షోరూము మెయింటెనెన్సు, టైర్లు ఎనభై శాతం, రాత్రి పూట తియ్యలేదు, పిల్లల్ని ఎక్కించలేదు." స్టీరింగు మీద తోలు అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంటుంది, డ్రైవరు సీటు ఒక పక్కకి కుంగి ఉంటుంది, బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు కనపడవు, మీటరు మాత్రం నలభై అయిదు వేల దగ్గర బాల్యావస్థలో ఉంటుంది. లక్షా ముప్పై వేలు తిరిగిన బండి మీటరుని వెనక్కి తిప్పడం చేతనైన దేశంలో, లక్షా ముప్పై వేలకి చెయ్యాల్సిన పని ఎవరు చేస్తారు? పుట్టినతేదీ మార్చేసుకున్నవాడికి ముసలితనంలో మందులెందుకు?

ఢిల్లీ నుంచి వచ్చే బళ్ళ కథ వేరు. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు తిరగకూడదన్న ఆంక్షని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేశాక, పెద్ద పెద్ద కార్లు చవగ్గా దక్షిణాదికి దిగబడ్డాయి. చవగ్గా కొన్నవాడికి ఒక భ్రమ కలుగుతుంది, బండి చవకైతే దాని సామాను కూడా చవకని. కోటి రూపాయల బండిని పన్నెండు లక్షలకి కొనొచ్చు. దాని వాటర్ పంపు మాత్రం తను కోటి రూపాయల బండి తాలూకేనని మర్చిపోదు.

ఇంటికి రాగానే సంస్కారాలు మొదలవుతాయి. ఇక్కడ మాత్రం ఎవరూ ఖర్చుకి వెనకాడరు. మొదట అన్నీ తొమ్మిదులు వచ్చే నెంబరు కోసం వేలం పాట. తర్వాత ఒళ్ళంతా సిరామిక్ పూత. తర్వాత అద్దాలకి ఫిల్ము, చక్రాలకి నల్లరంగు, సైలెన్సరుకి కోత. ఆ పైన గుడి దగ్గర పూజ, బానెట్ మీద పసుపు స్వస్తిక్, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు ఒక గుమ్మడికాయ, అద్దానికి ఎండుమిరపకాయల దండ. వాహనపూజని నేను ఎగతాళి చెయ్యను. పూజారిగారు మంత్రం సరిగ్గానే చదివారు. పూజ అయ్యాక ఆయన తన మోపెడ్ ఎక్కి నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్ళి ఆయిల్ మార్పించుకున్నారు. దేవుడి పని ఎంతవరకో మెకానిక్ పని ఎక్కడినుంచో ఆయనకి తెలుసు. మనవాడికి తెలీదు. మనవాడి లెక్కలో దిష్టి తగలకపోతే బేరింగులు అరగవు.

ఒకసారి బండి పక్కన నిలబడి "బెల్టు ఎప్పుడు మార్చారండీ" అని అడిగి చూడండి. "ఏ బెల్టు? సీటు బెల్టా?" అంటాడు. సూపర్‌చార్జర్‌ని తిప్పే బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనరు, దారి చూపే పుల్లీలు: లక్ష దాటిన బండిలో ముందుగా అనుమానించాల్సినవి ఇవి. కొన్ని ఇంజన్లలో అదే బెల్టు వాటర్ పంపునీ ఆల్టర్నేటర్‌నీ కూడా తిప్పుతుంది, అది తెగితే ఊదుడూ ఆగుతుంది, నీళ్ళూ ఆగుతాయి, కరెంటూ ఆగుతుంది. వీటన్నిటినీ ఒకేసారి మార్చి పారేసినా, అన్నీ తొమ్మిదుల కోసం పాడిన పాటలో ఓ మూలకి రాదు ఆ ఖర్చు. కానీ బెల్టు మారిస్తే ఎవరికి కనపడుతుంది? తొమ్మిదులు సెంటర్ అంతా చదువుతుంది. బెల్టుని ఎవరూ చదవరు.

సూపర్‌చార్జర్‌ లోపల గేర్లకి ప్రత్యేకంగా కొద్దిపాటి ఆయిల్ ఉంటుంది, కాఫీ కప్పుకి మించదు. చాలా కంపెనీల పుస్తకాల్లో దాన్ని మార్చనక్కర్లేదనే రాస్తారు. ఆ హామీ వారంటీ ఉన్నంతకాలానికి చక్కగా సరిపోతుంది. ఆ తర్వాత బండి మన చేతికొచ్చేసరికి ఆ కప్పుడు ఆయిల్ వాసన చూస్తే కళ్ళనీళ్ళొస్తాయి. స్టార్ట్ చేయగానే ముందు భాగంలో గలగలమని గులకరాళ్ళు కదిపిన చప్పుడు వినపడితే అక్కడి కప్లింగు అరిగిందని అర్థం. మా సెంటర్లో ఆ చప్పుడుకి వచ్చిన వ్యాఖ్య: "స్పోర్ట్స్ కారు కదా, ఆ మాత్రం సౌండు ఉండాలి."

గల్ఫ్ కుటుంబాల బళ్ళ సంగతి ఇంకో రకం విషాదం. యజమాని కువైట్‌లోనో దోహాలోనో ఉంటాడు. బండి మలికిపురంలో రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద పదకొండు నెలలు యోగనిద్రలో ఉంటుంది. "మరి ఆయిల్?" అంటే, "తిరగలేదు కదండీ" అని సమాధానం. ఆయిల్ కిలోమీటర్ల లెక్కనే ముసలిదవుతుందని మన నమ్మకం, నెలలు దాన్ని తాకవన్నమాట. పైగా ఒక శాస్త్రీయ ఏర్పాటు కూడా ఉంటుంది: తోటమాలి ప్రతి ఆదివారం వచ్చి బండి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచి ఆపేస్తాడు. ఫోన్లో వీడియో తీసి కువైట్ పంపిస్తాడు. అక్కడ ఆయన గుండె నిండుతుంది, ఇక్కడ ఇంజన్ నీళ్ళతో నిండుతుంది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి ఇంజన్‌లో అది నీరై ఆయిల్‌లో దిగుతుంది. బండి ఓ అరగంట రోడ్డు మీద తిరిగి ఆయిల్ బాగా కాగితేనే ఆ నీరు ఎగిరిపోతుంది. అయిదు నిమిషాలకే ఆపేస్తే అక్కడే ఉండిపోతుంది. పైగా చల్లటి ఇంజన్‌కి కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మండకుండా మిగిలిన కొంత రింగుల పక్కనుంచి జారి అదే ఆయిల్‌లో కలుస్తుంది. వారం వారం ఇలా సేవ చేయించుకున్న ఇంజన్ ఆయిల్ మూత విప్పి చూస్తే అడుగున పాలమీగడ పేరుకుని ఉంటుంది. అసలు స్టార్టే చెయ్యకుండా వదిలేసినా దానికంటే నయంగా ఉండేదేమో. ఇంతలో ఎలుకలు. కొబ్బరితోటలో ఎలుకలకి కొదవలేదు, విదేశీ వైరింగు రుచి తెలిసినవాటికి అంతకంటే లేదు. కొబ్బరి పీచు తెచ్చి ఎయిర్ ఫిల్టరు డబ్బాలో పురుడు పోసుకుంటాయి. వెంట్రుక సందుతో తిరిగే రోటర్లకి పీచు ధూళి ఏం చేస్తుందో యజమాని సంక్రాంతికి వచ్చాక తెలుసుకుంటాడు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన చమత్కారం ఒకటుంది. ఆ యజమానే కువైట్‌లో ఏళ్ళ తరబడి కఫీలు (అక్కడి పూచీదారు యజమాని) ఇంటి డ్రైవరు. అక్కడి ఎండలో, ఇసుక గాలిలో పెద్ద బళ్ళు నడిపినవాడు. అక్కడ అయిదు వేల కిలోమీటర్లకి ఒక్కరోజు ఆలస్యం చెయ్యకుండా ఆయిల్ మార్పిస్తాడు. ఎయిర్ ఫిల్టరు తీసి దులుపుతాడు. మార్చిన తేదీ కాగితం డాష్‌బోర్డులో భద్రంగా పెడతాడు, అడగ్గానే చూపించాలి కాబట్టి. వేరేవాడి బండిని కంటికి రెప్పలా చూసి సంపాదించిన డబ్బుతో సొంత బండి కొని, దాన్ని మాత్రం "ఏం కాదులే" అన్న మంత్రం మీద నడిపిస్తాడు. పని రాక చెయ్యకపోవడం కాదిది. పని అంతా తెలుసు. అడిగేవాడు లేడు, అంతే.

కూలెంటు దగ్గర మా ప్రాంతం మరో ప్రత్యేకత సాధించింది. మలికిపురం, సఖినేటిపల్లి వైపు సముద్రం దగ్గర. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళు మనం తాగం. టీ పెట్టం. బట్టలుతికితే సబ్బు నురగ రాదని ఇంటావిడ గొణుగుతుంది. ఆ నీళ్ళే బిందెతో తెచ్చి రేడియేటర్లో పోస్తాం. "నీళ్ళు తగ్గాయండీ, పోసేశా" అని తోటమాలి గర్వంగా చెబుతాడు. ఇంజన్ హెడ్డు అల్యూమినియం, రేడియేటరు అల్యూమినియం. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియాన్ని లోపల్నుంచి గుంటలు గుంటలుగా తింటుంది. దాన్ని ఆపడానికే కూలెంటులో రకరకాల రసాయనాలు కలుపుతారు. రంగునీళ్ళకి అంత ధరేంటని మనవాడు మిగుల్చుకున్న డబ్బు, హెడ్డు గాస్కెట్ కొట్టేసిన రోజున వడ్డీతో సహా బయటికొస్తుంది. ఇంతకీ నీళ్ళు ఎందుకు తగ్గాయి అన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. బిగించి ఉన్న వ్యవస్థలో నీళ్ళు వాటంతటవే తగ్గవు, ఎక్కడో పాతబడ్డ ప్లాస్టిక్ గొట్టం వేడికి పెళుసెక్కి చిట్లుతూ ఉంటుంది. అలాంటి గొట్టాలు లక్ష కిలోమీటర్లు దాటిన ఖరీదైన ఇంజన్లలో కోకొల్లలు.

చెక్ ఇంజన్ లైటు వెలిగిందనుకోండి. దాని చికిత్స మూడు రకాలు. ఒకటి, పట్టించుకోకపోవడం. రెండు, నల్ల టేపు ముక్క అంటించడం. మూడోది కాస్త చదువుకున్నవాళ్ళది: స్కానరు ఉన్న కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళి "ఎర్రరు తీసెయ్యి" అనడం. కుర్రాడు తీసేస్తాడు. లైటు ఆరిపోతుంది. బండి బాగుపడిందని ఇంటికెళ్ళి పరమాన్నం వండుకుంటారు. నాలుగు రోజులకి లైటు మళ్ళీ వెలిగితే, "ఆ కుర్రాడికి పని రాదండీ" అని ఇంకో కుర్రాడి దగ్గరికి. నిజంగా పని వచ్చిన మెకానిక్ ఎర్రరు చదివి, "ఒక సిలిండర్లో మిస్ కొడుతోందండీ, ప్లగ్గులూ కాయిళ్ళూ చూద్దాం, కంప్రెషన్ కూడా చెక్ చేద్దాం" అన్నాడంటే ఆయన మీద దొంగ ముద్ర పడిపోతుంది. "ఆయ్, చూశారా మాస్టారూ, లైటు తియ్యమంటే ఇంజన్ విప్పుతానంటున్నాడు!"

అలాగని అవతలి దొంగలు లేరని కాదు. సర్వీసుకి ఇస్తే చాలు, ఇంజన్ ఫ్లష్షు, కార్బన్ క్లీనింగు, ఆయిల్లో కలిపే అమృతం సీసా, ఏసీ గొట్టాలకి సుగంధ ధూపం అని బిల్లుకి తోకలు తగిలించేవాళ్ళున్నారు. ఇంజన్ మీద మెరుపు నూనె కొట్టి "చూడండి సార్, కొత్త ఇంజన్" అనేవాళ్ళున్నారు. విచిత్రం ఏమిటంటే, ఆయిల్ ఫిల్టరు ధరకి అరగంట బేరమాడే మనిషి ఈ మెరుపు నూనెకి మారుమాట్లాడకుండా చెల్లిస్తాడు. కనపడుతుంది కదా! పని చేసేది దాగుంటుంది, దండగది తళతళలాడుతుంది. ఆ రెంటిలో ఏది ఎంచుకోవాలో మన జాతికి సందేహం ఎప్పుడూ రాలేదు.

కోనసీమ మనిషికి ముందుజాగ్రత్త తెలీదనుకుంటే పొరపాటు. కొబ్బరిచెట్టు మొవ్వులోకి కొమ్ము పురుగు దిగక ముందే ఆకు మట్టల సందుల్లో ఇసుకలో కలిపిన వేపపిండీ, కలరా ఉండలూ పెట్టిస్తాడు. చెట్టు పచ్చగానే ఉంది కదా, ఎందుకు ఎక్కడం అనడు. అలా అన్న రైతుని పక్క తోటవాడు తన గట్టు మీద కూడా నిలబడనివ్వడు. అదే మనిషి చెట్టు దిగి కారెక్కగానే బుర్రలోని ఆ గది తలుపు వేసేస్తాడు.

రాజోలులో ఆర్టీసీ డిపో ఉంది. కిటికీ అద్దాలు గలగలలాడే పల్లెవెలుగు బస్సుల్ని చూసి మనం నవ్వుతాం. వాటి సీట్ల మీద, రంగు మీద ఎన్ని జోకులైనా వెయ్యండి, అక్కడ మాత్రం షెడ్యూలు మెయింటెనెన్సు అని ఒకటుంది. బస్సు బాగానే నడుస్తున్నా రోజూ చెయ్యాల్సిన తనిఖీ వేరు, వారానికోసారి చెయ్యాల్సింది వేరు, ఇన్ని వేల కిలోమీటర్లకని పెద్ద తనిఖీలు వేరు. ఒకటో షెడ్యూలు, రెండో షెడ్యూలు, మూడు, నాలుగు అని పేర్లు కూడా ఉన్నాయి. "బాగానే ఉంది కదా, ముట్టుకోకు" అని ఏ డిపో మేనేజరూ అనడు, ఎందుకంటే రేపొద్దున అయిదు గంటల బస్సు అయిదు గంటలకే కదలాలి. అందుకే ఆ బస్సులు లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. మన సిరామిక్ సుందరి జగ్గన్నతోట తీర్థంలో జనం మధ్య ఏసీ వేసుకుని రెండు గంటలు నిలబడలేక, కొబ్బరిచెట్ల కింద పొగలు కక్కి, చివరికి ట్రాక్టరుకి తాడు కట్టించుకుని ఇంటికొస్తుంది. దాన్ని దాటుకుంటూ పల్లెవెలుగు హారను కొట్టి మరీ పోతుంది.

నడుస్తోంది కదా అన్న మాటని నవ్వి వదిలెయ్యలేని చోటు ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసుని పంపడం వల్ల నీరు చేరి, లోపల్నుంచి తుప్పు తిన్నదని విచారణలో తేలింది. పేలిన రోజు దాకా అదీ నడిచింది. దీని మీద జోకు లేదు. కారు ఇంజన్ పోతే డబ్బు పోతుంది, అంతే తేడా. లోపల తినేస్తున్నదాన్ని బయటి నడక దాచిపెట్టడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మళ్ళీ మన బండి దగ్గరికొద్దాం. లక్ష దాటిన సూపర్‌చార్జర్ ఇంజన్‌కి ముసలితనం ఎలా వస్తుందో వింటే నిమ్మకాయ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. రింగులు అరుగుతాయి. పేలిన గ్యాసు రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌ని తుంపర చేస్తుంది. ఆ తుంపర తిరిగి గాలి దారిలోకి ఎక్కి, సూపర్‌చార్జర్ గుండా సిలిండర్లోకి వెళ్ళి పెట్రోలుతో పాటు మండుతుంది. ఆయిల్ కలిసిన పెట్రోలు తొందరపడి, తన వంతు రాకముందే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. అదిమిన వేడి గాలి ఉన్న ఇంజన్‌లో అది మామూలు ఇంజన్‌లో కంటే ఎన్నో రెట్లు ప్రమాదం, పిస్టను అంచులు విరిగిపోతాయి. దానికి తోడు మనవాడు ఎక్కువ ఆక్టేన్ కోరే బండికి దారిలో దొరికిన మామూలు పెట్రోలు పోస్తాడు, "పెట్రోలు పెట్రోలే కదా" అన్న అద్వైతంతో. ఈ వరస అంతటినీ మొదట్లోనే పట్టుకునే పద్ధతులున్నాయి. కంప్రెషన్ చూడ్డం, గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూడ్డం, ప్లగ్గు తీసిన కన్నంలోంచి చిన్న కెమెరా దింపి పిస్టను నెత్తిన ఏముందో చూడ్డం. ఒక పూట పని. ఇంజన్ దించనక్కర్లేదు. ఆ పూట పనికి మన యజమానికి తీరికుండదు. ఇంజన్ దించాక ఆరు నెలలు గ్యారేజి చుట్టూ తిరగడానికి మాత్రం తీరిక పుట్టుకొస్తుంది. జర్మనీ నుంచి పిస్టను వస్తుందని, చెన్నైలో ఆగిందని, కస్టమ్స్‌లో ఉందని, వచ్చిందిగానీ అది కాదని ప్రతి సాయంత్రం సెంటర్లో వార్తలు వినిపించడానికి కూడా.

అప్పుడు కూడా సిద్ధాంతం ఓడిపోదండోయ్. గ్యారేజిలో విప్పి పరిచిన ఇంజన్ చూపించి మనవాడు కొత్తగా బండి కొన్న తమ్ముడికి హితబోధ చేస్తాడు: "చూశావుగా? అంతా బాగానే ఉండేది. ఆ రోజు ఎవడో మూత విప్పాడు, అప్పట్నుంచే!" తమ్ముడు తలూపి ఇంటికెళ్ళి తన బండికి రెండు నిమ్మకాయలు ఎక్కువ కడతాడు.

ఇది చదివి కూడా ఈ సంక్రాంతికి అలాంటి బండి కొనాలని తీర్మానించుకున్నవాళ్ళకి ఒక్క మాట. డాక్టరుగారి కథ సాంతం వినండి, అడ్డు చెప్పకండి. ఆయన నిద్రపోయే గది దగ్గర్నుంచి బండి నీడలో పెట్టిన చోటు దాకా అన్నీ వినండి. విన్నాక బండిని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి ముందు భాగం దగ్గర చెవి పెట్టండి. ఆపించి, ఆయిల్ మూత విప్పి అడుగు భాగం చూడండి. కూలెంటు డబ్బాలో తుప్పురంగు నీళ్ళున్నాయేమో చూడండి. సర్వీసు బిల్లులు అడగండి, మాటలు కాదు, తేదీలున్న కాగితాలు. ఇవి చూపించినవాడి దగ్గర మీటరు లక్షన్నర చూపించినా భయపడకుండా కొనండి, ఆ వెంటనే బెల్టూ పుల్లీలూ కూలెంటూ అన్ని ఆయిళ్ళూ మార్పించండి. కాగితాలు లేవన్నా, మూత కింద మీగడ కనపడినా, మూత జాగ్రత్తగా తిరిగి బిగించి, డాక్టరుగారికి నమస్కారం చెప్పి, పల్లెవెలుగు ఎక్కి ఇంటికొచ్చేయండి.